ఎలుగుబంటి దారి ఊడ్చిన రోజు

అటవీ శాఖలో ఈమధ్య కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీ రోజుల్లో పని ఎలా ఉండేది పిన్నీ అని అడుగుతారు. సరుగుడు నారు పెంచిన సంగతి చెబుతాను, తుఫానుకి నర్సరీ పందిరి ఎగిరిపోయి కొబ్బరిచెట్టు మీద వాలిన సంగతి చెబుతాను. టీ తాగి, నవ్వుకుని వెళ్ళిపోతారు. ఒక్క సంగతి మాత్రం వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పబోతే ముందు నాకే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతాను. అందుకని ఐదో తరగతితో ఆగిపోయిన నా చదువుకి వచ్చినంతలో కాగితం మీద పెడుతున్నాను. పైఅధికారి వస్తున్నాడని ఫోను రాగానే చీపురు ఎక్కడుందా అని చూసేవాళ్ళు ఉంటే, వాళ్ళు తప్పకుండా చదవాలి.

నేను నర్సరీ కూలీగా చేరాను. పలాస దాటి సముద్రం వైపు వస్తే మా నర్సరీ. సంచుల్లో మట్టి నింపడం, విత్తు నాటడం, నీళ్ళు పోయడం. పన్నెండేళ్ళు అదే పని చేశాక, అడవికి కాపలా కాసే ఒక వాచరు మానేస్తే ఆ చోట నన్ను వేశారు. మా సెక్షన్లో ఆడ వాచరుని నేనొక్కదాన్నే. ఖాకీ చొక్కా ఇచ్చారు. చీర మీద అది తొడుక్కుని వీధిలోంచి వెళ్తుంటే, మా పక్కింటి అప్ప గుమ్మంలో నిలబడి, నేను బస్సు కండక్టరునన్నట్టు, టెక్కలికి ఒక టికెట్టు కొట్టమనేది. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ నా సొంత అక్క కాదు గానీ ఆ చనువు ఉండేది. ఈ కథలో ఆవిడ చెయ్యి ఉంది, అందుకే ముందే చెబుతున్నాను.

నేను కాపలా తిరిగే బీటులో రెండు కొండలున్నాయి. పడమటిది పెద్దది, రాళ్ళ మధ్య గుహలున్నది. తూర్పుది చిన్న గుట్ట. నా చిన్నతనంలో అవి రెండని ఎవరూ అనుకోలేదు. మధ్యనంతా జీడితోటలు, పనస చెట్లు, గట్ల వెంట మొగలి పొదలు, కింద ఈత, వాక్కాయ తుప్పలు. కొండ ఎక్కడ ఆగిందో తోట ఎక్కడ మొదలైందో మాకే తెలిసేది కాదు, ఇక జంతువులకేం తెలుస్తుంది? ఆ తరవాత పెద్ద తుఫాను వచ్చింది. ఒక్క పూటలో తోటలు పడుకున్నాయి. పడిన చెట్లు కట్టెలకు పోయాయి. కొందరు మళ్ళీ నాటారు, కొందరు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు ఇనప తీగ కట్టారు. ఒకచోట ఇటుక బట్టీ వచ్చింది, ఒకచోట రాయి కొట్టే క్రషర్, ఒకచోట ప్లాట్లకి పాతిన తెల్లరాళ్ళు. కొండలు ఉన్నచోటే ఉన్నాయి. వాటి మధ్యనున్నది ముక్కలైపోయింది.

చివరికి రెండు కొండల్నీ కలుపుతూ ఒక్క పట్టీ మిగిలింది. పొడవు అరగంట నడక. అడ్డంగా అయితే నాలుగు నిమిషాల్లో దాటేయొచ్చు. సగం ప్రభుత్వ భూమి, సగం తుఫాను తరవాత ఎవరూ పట్టించుకోని పాత జీడితోట. తుప్పలు బలిసి, ఆకు మోకాలి మందాన పేరుకుని, చెదపుట్టలు నిలబడి, చూసేవాడికి పాడుబడ్డ చోటులా ఉండేది.

దాని విలువ నాకు చెప్పింది మా పెద్ద వాచరు. ఆయన్ని మావా అనేదాన్ని. అప్పటికే వారానికి రెండు రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు వింతగా చెప్పుకునే సంగతి కాదు, ఇంటికొకరు ఉంటారు. మిగిలిన రోజుల్లో కర్ర పట్టుకుని నా పక్కన మెల్లగా నడిచేవాడు. చిన్న గుట్ట మీద ముందు అడవిపందులు కనబడడం మానేశాయి. తరవాత ముళ్ళపంది. తరవాత అడవికోడి కూత. ఎవరైనా చంపేస్తున్నారేమోనని నాకు అనుమానం. మావ తల అడ్డంగా ఊపాడు.

"సంపీసేవోళ్ళెవలూ నేరే అమ్మీ. సంబంధాలు రాని ఊరు లాగ అయిపోనాది ఆ గుట్ట. ఉన్నయి ముసిలివైపోతన్నాయి, కొత్తయి రాడానికి తోవ నేదు. ఇంక ఈ పట్టీ ఒక్కటే తోవ."

ఆ తోవన ఇంకా వచ్చేది ఎలుగుబంటి. ఎండలు ముదిరితే పెద్ద కొండలో నీళ్ళు ఉండవు. చిన్న గుట్ట అడుగున ఒక ఊట ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటుంది. సాయంత్రం పొద్దు వాలాక పట్టీలోంచి ఊటకి పోయి, దారిలో చెదలు తవ్వుకు తిని, జీడిపళ్ళు ఏరుకుని, తెల్లారేసరికి గుహకు చేరేది. ఊరివాళ్ళు ఆ వేళకి అటు వెళ్ళరు, అదీ ఇటు రాదు. కాగితం మీద ఎవరూ రాయకపోయినా ఆ ఒప్పందం అలా జరిగిపోతూ ఉండేది.

ఆ ఏడు పట్టీ మీద ఒక కంపెనీ కన్ను పడింది. లారీలు, కంటైనర్లు నిలుపుకునే యార్డు కట్టి చుట్టూ గోడ పెడతామని అడిగారు. పాడుబడ్డ చోటే కదా అన్నారు. అది జంతువుల దారి అని మా శాఖ రాస్తే, రుజువు చూపించమన్నారు. విశాఖ నుంచి ఒక సర్వే అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. చెట్లకి ఆరు కెమెరాలు కట్టింది. ముందు నుంచి ఏది కదిలినా వాటంతట అవే ఫోటో తీస్తాయట. ఇరవై రోజులుంచాలి. ఏదైనా కనబడితే దారి అని రాస్తారు, లేకపోతే లేదు. ఈ ఇరవై రోజులూ ఎవరూ పట్టీలోకి రాకుండా చూడమని నా చేతులు పట్టుకుని మరీ చెప్పి, టెక్కలిలో గదికి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు చూశాను. ఒక్క మనిషిని రానివ్వలేదు. కట్టెలకు వచ్చిన ముసలమ్మనీ తిప్పి పంపేశాను.

పదో రోజు ఉదయం ఏడింటికి సెక్షన్ బాబు ఫోను చేశారు. బాబు అంటే మా పైన ఉండే ఆఫీసరు. పట్నం మనిషి, మంచివాడే, కాకపోతే పైవాళ్ళంటే వణుకు. జిల్లా నుంచి పెద్దసారు పన్నెండింటికి పట్టీ చూడ్డానికి వస్తున్నారని, కాస్త నీటుగా ఉండాలని చెప్పి పెట్టేశారు. మావ ఆ రోజు పలాసలో మంచం మీద ఉన్నాడు. అడగడానికి పక్కన ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే, అడగాలని తోచనూ లేదు. ఇంటికి పెద్దవాళ్ళు వస్తున్నారంటే ఏం చేస్తాం? వాకిలి ఊడుస్తాం. జీడి కోతకి ముందు గింజ కనబడడానికి చెట్టు కింద ఆకు లాగి నేల నున్నగా చేయడం చిన్నప్పటి నుంచీ చేసిన పని. మనుషులు రాకూడదన్న మాట గుర్తుంది. కానీ నేను మనిషిని కాదు కదా, వాచరుని అనుకున్నాను.

అప్పని పిలిచాను. ఆవిడ వీధిలో ఇంకో ఆరుగుర్ని పిలిచింది. ఈతచీపుర్లు, దంతెలు, కత్తులు పట్టుకుని దిగాం. పట్టీ మధ్య నడిచే మేర ఆకంతా లాగి బుట్టల్లో ఎత్తాం, పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరి వాటా వాళ్ళు ఇంటికి పంపారు. తుప్పలు నరికాం. చెదపుట్టలు చూడ్డానికి బాగోలేవని గునపంతో పొడిచి చదును చేశాం. అంతటితో ఆగినా బాగుండేది. పంచాయతీ ఆఫీసులో బస్తా ఉందని అప్పకి గుర్తొచ్చింది. మంత్రులు వచ్చినా, ఊళ్ళో జ్వరాలు వచ్చినా రోడ్డు పక్కన చల్లుతారు చూడండి, ఆ బ్లీచింగ్ పౌడరు. తెచ్చి నడవడానికి వీలుగా రెండు వైపులా తెల్లటి గీత గీశాం, ఈ కొస నుంచి ఆ కొస దాకా. వంకర రాకుండా నేను ముందు నడిచి తాడు పట్టాను.

"మా ఇంట్లో పేరంటానికి కూడా ఇలగ సెయ్యనేదే సెల్లీ" అంది అప్ప, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ.

పదకొండున్నరకి మళ్ళీ ఫోను. పెద్దసారు ప్రోగ్రాం వాయిదా పడింది.

రెండు రోజుల తరవాత కెమెరాల్లో కార్డులు మార్చడానికి సర్వే అమ్మాయి వచ్చింది. మావ కూడా ఆ రోజే వచ్చాడు. పట్టీ మొదట్లో ఇద్దరూ ఆగిపోయారు. ఆ అమ్మాయి వీపున ఉన్న సంచి దించి దాని మీద కూర్చుండిపోయింది. మావ తెల్లగీతని కర్రతో ముట్టుకుని, కర్ర వాసన చూశాడు.

"ఇక్కడ పెళ్ళిపందిరేటైనా ఏత్తన్నారేటే?"

పెద్దసారు వస్తున్నారన్నారు మావా, అన్నాను.

"ఆ సారు జీపులో వచ్చి జీపులో ఎల్లిపోతాడు. వాసన సూసుకుని నడిసేదానికి నువ్వు గోడ కట్టీసినావు. ఆ కంపెనీవోళ్ళింకా కట్టనేదు, నువ్వే ముందు కట్టినావు."

అప్పటికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఎలుగుకి కన్ను అంతంత మాత్రం, దాని చూపంతా ముక్కులోనే. ఇది మావ నాకు వందసార్లు చెప్పిందే. ఆ అమ్మాయి కార్డు తీసి చిన్న పెట్టెలో పెట్టి చూపించింది. ఊడ్చకముందు తొమ్మిది రోజులు ఉన్నాయి. ముంగిస, చెట్లెక్కే మానుపిల్లి, చిన్న అడవిపిల్లి, కుందేలు. నాలుగు రాత్రులు ఎలుగుబంటి. ఆడది. వీపు మీద రెండు పిల్లలు, నల్లటి ఉన్నిముద్దల్లా జూలు పట్టుకుని. ఊడ్చాక రెండు రోజుల్లో ఏమీ లేవు. ఇంకా ఎనిమిది రోజులే మిగిలాయి.

నేను పరిగెత్తాను. ఇంటింటికీ వెళ్ళి మా ఆకు మాకు ఇచ్చేయమని అడిగాను. సగం పొయ్యిలోకి పోయింది. మిగిలింది బుట్టలతో మళ్ళీ మోసి పరుద్దామని బయల్దేరితే మావ దారికి అడ్డంగా నిలబడ్డాడు. వెళ్ళినకొద్దీ మన వాసనే పెరుగుతుంది, ఒగ్గేయమన్నాడు, అంటే వదిలేయమని. తెల్లపొడి మీద పైమట్టి మాత్రం తోసి వచ్చేశాం. ఆ తరవాత ఏమీ చేయకుండా ఉండడమే పని. పిల్లలూ, ముప్పై ఏళ్ళలో నేను చేసిన పనుల్లో అంత కష్టమైంది ఇంకోటి లేదు. పట్టీ కొసన రాయి మీద కూర్చునేదాన్ని. చేతులు ఊరుకునేవి కావు, చీర కొంగు ముడేసి విప్పి, ముడేసి విప్పి ఒక మూల చిరిగిపోయింది.

నా భయం ఒక్క పట్టీ గురించే కాదు. పెద్ద కొండలో నీళ్ళు లేవు. తల్లి పాలివ్వాలి. దారి మూసుకుపోతే అది దాహంతో గుహలో కూర్చుంటుందా? ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంకో దారి అంటే ఇటుక బట్టీ చుట్టూ తిరిగి, మా కాలనీ వెనక సందులోంచే. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పొద్దున్నే వెనక తలుపు తెరిచే ముందు పిల్లల్ని వెనక్కి లాగి నేనే తెరిచేదాన్ని.

పద్నాలుగో రోజు తెల్లవారగట్ల అప్ప గేదెకి కుడితి పెడదామని దొడ్లోకి వెళ్ళింది. తొట్టి దగ్గర గేదె నిలబడిందనుకుని చెయ్యి వేయబోయిందట. గేదె కట్టుకొయ్య దగ్గరే ఉంది. తొట్టిలో మూతి పెట్టినది తల ఎత్తింది, ఎలుగుబంటి. అది ఒక్కసారి గుర్రుమని తోటల వైపు పోయింది, ఏమీ చేయలేదు. అప్ప వెనక్కి పడి, అరుగు అంచుకి తగిలి కుడిచేతి మణికట్టు విరిగింది. కేకలకు నేను వెళ్ళేసరికి నేల మీదే కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు లేదు. ఆటోలో పలాస తీసుకెళ్తుంటే, నా భుజం మీద తల పెట్టుకున్న అప్పని, పిల్లలున్నాయా దాని వీపు మీద, నువ్వు చూసేవా అని అడిగాను. ఆ మాట ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"నా సెయ్యి ఇరిగిపోతే దాని పిల్లల్ని అడుగుతన్నావేటే" అంది. మళ్ళీ తనే, చీకట్లో చూడలేదని చెప్పింది.

కాలనీ అంతా గోల. పట్టుకుపొండి, లేదా కాల్చేయండి అని సెక్షన్ బాబు మీదకి వెళ్ళారు. పదేళ్ళుగా లేనిది ఇప్పుడెందుకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆ జవాబు తెలిసింది నాకు. నోరు విప్పలేదు.

ఇరవయ్యో రోజు పెద్దసారు నిజంగానే వచ్చారు. కంపెనీ మనిషి ఒకాయన కూడా వచ్చాడు. ముందురోజు సాయంత్రం సెక్షన్ బాబు నన్ను పక్కకి పిలిచారు. ఊడ్చిన సంగతి అడిగితే ఎవరో ఊరి ఆడవాళ్ళు ఆకు కోసం వచ్చారని చెప్పు, పెద్దసారు నీ మొహం ఎరగరు, నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ నిలబడతాయి అన్నారు. రోజుకూలీ వాచర్ని తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేదు. సరేనన్నాను.

జీపు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి సర్వే అమ్మాయి ఫోటోలు వేసింది. మొదటి తొమ్మిది రోజులు చూశారు. తరవాత పదో రోజు. ఆరు కెమెరాల్లోనూ మా వీధి ఆడవాళ్ళు, అందరికంటే ఎక్కువగా నేనే. చీపురుతో నేను, గునపంతో నేను, వంగున్న నా వీపు, తాడు పట్టుకున్న నా చెయ్యి, కెమెరాకి బూజు పట్టిందేమోనని కొంగుతో తుడుస్తూ మొహమంతా నేను. ఆ తరవాత, కార్డులు మార్చి మట్టి తోసిన రోజు మేము తప్ప, పది రోజులూ ఉత్త నేల, ఒక కాకి.

కంపెనీ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఆడవాళ్ళు వచ్చి ఇలా ఊడ్చుకుంటున్నారంటే ఇది ఊరి వాడకంలో ఉన్న చోటేననీ, అడవి దారి ఎలా అవుతుందనీ అడిగాడు. అప్పుడు నాకు సంగతి తెలిసింది. నేను చెప్పబోయే అబద్ధం నా కూలీని నిలబెడుతుంది, పట్టీని పడగొడుతుంది.

పెద్దసారు మొహమంతా ఉన్న ఆ ఫోటో మీద వేలు పెట్టి, ఎవరీమె అన్నారు. సెక్షన్ బాబు నేల చూశారు. మావ మాత్రం నన్నే చూస్తున్నాడు.

"నానే బాబూ" అన్నాను. "ఊరోళ్ళు రోజూ రారు. ఒక్క పూటే, నానే పిలిసి ఊడిపించినాను. మీరొత్తన్నారని. పౌడరు కూడా నానే సల్లినాను. అందుకే అది మా ఈదిలోకి వచ్చి మా అప్ప సెయ్యి ఇరగ్గొట్టింది. దాని తప్పేటీ నేదు."

నేనొస్తున్నానని ఎలుగుబంటి గుమ్మంలో బ్లీచింగ్ చల్లారా అన్నారు పెద్దసారు. డ్రైవరు నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఒక పూట ఊడిస్తేనే ఇలా అయితే, గోడ కడితే ఏమవుతుందని సర్వే అమ్మాయి మెల్లగా అంది. నేను చెప్పింది రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. కెమెరాలు ఇంకో నెల ఉంచమన్నారు.

నన్ను వాచరు పనిలోంచి తీసి మళ్ళీ నర్సరీకి పంపారు. ఏడాది తరవాత తిరిగి వేశారనుకోండి. ఆ నెలంతా సంచుల్లో మట్టి నింపుతూ, రోజూ మావని అడిగేదాన్ని. ఒకసారి వాన పడి పౌడరు వాసన కొట్టుకుపోయింది. చెదలు నేలలోంచి మళ్ళీ లేచాయి. ముంగిస వచ్చింది. తరవాత కుందేలు. మానుపిల్లి మూడు వారాలు తీసుకుంది. ఎలుగు మాత్రం రాలేదు. కాలనీలోకీ రాలేదు. అది ఎక్కడ నీళ్ళు తాగుతోందో, తాగుతోందో లేదో ఎవరికీ తెలియదు.

ఆఖరి కార్డు తీసిన రోజు సర్వే అమ్మాయి నర్సరీకి పరిగెత్తుకొచ్చింది. వచ్చింది పిన్నీ అంది. మట్టిచేతులతోనే చూశాను. అదే తల్లి, మెడ కింద అదే తెల్లమచ్చ, ఊట వైపు నడుస్తోంది. ఆ ఒక్క ఫోటోతో దారి అని రాశారు. కంపెనీ కట్టబోయే గోడని వెనక్కి జరిపించారు. పట్టీ కొంచెం సన్నబడింది గానీ నిలిచింది, ఇప్పటికీ ఉంది. అప్ప చెయ్యి కొంచెం వంకరగా అతికింది. ఎడంచేత్తో వాకిలి ఊడుస్తూ, నేను కనబడితే చాలు, సెల్లీ, మీ సారు గానీ వత్తన్నాడేటి అంటుంది. మావ లేడు.

నేను పనిలోంచి దిగిపోయిన రోజు సర్వే అమ్మాయి ఆ ఫోటోని పెద్దది చేయించి పంపింది. ముందు గదిలో పెట్టాను. వచ్చినవాళ్ళంతా బాగుందంటారు. తల్లి వీపు మీద పిల్ల జూలు పట్టుకుని ఉంది. ఒక్కటే.

రెండోది పక్కన నడుస్తూ చెట్టు వెనక ఉండిపోయి ఉంటుందని ఆ అమ్మాయి అంటుంది. ఆ వయసుకి నడుస్తాయట. ఫోటోలో ఎడంవైపు ఒక జీడిచెట్టు ఉంది, దాని మొదలు బాగా లావు. దీపం పెట్టేటప్పుడు రోజూ ఆ మొదలు వెనక చూస్తాను. ఉండే ఉంటుంది.